దేవుడితో పోట్లాడొచ్చా? లేత్ షెడ్డులో దొరికిన పాఠం



ఈ వారం వీడియో రామదాసు గారి మీద చేశాం, చూసే ఉంటారు. ఆ వీడియో అసలు ఎందుకు చేయాలనిపించిందో మాత్రం కెమెరా ముందు చెప్పలేకపోయాను. రెండుసార్లు మొదలుపెట్టాను, రెండుసార్లూ కట్ చేసేశాను. రాయడం కాస్త తేలిక కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పెద్దదే. తీరిక చూసుకుని చదవండి.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం ఒక్క మాట. నేను పగలంతా విజయవాడ ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్టుల షాపులో లెక్కలు చూస్తాను. రాత్రి ఇంటికొచ్చాక మన ఛానల్ పని. మా ఇల్లు సింగ్ నగర్ వైపు. విజయవాడ వాళ్ళకి ఈ పేరు చెప్తే చాలు, ఏ సంవత్సరం గురించి మాట్లాడబోతున్నానో అర్థమైపోతుంది.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు వచ్చింది. పొద్దున గుమ్మం దగ్గర ఉన్న నీళ్ళు చూస్తుండగానే నడుం దాకా వచ్చాయి. అటు కృష్ణలో ప్రకాశం బ్యారేజి దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళు పోతున్నాయి, ఇటు మా వీధిలో పడవలు తిరుగుతున్నాయి. పై అంతస్తు వాళ్ళింట్లో నాలుగు కుటుంబాలం సర్దుకున్నాం. డ్రోన్లతో అన్నం పొట్లాలు జారవిడిచారు. ఏడో తారీఖు వినాయక చవితి, కానీ ఆ ఏడు మా వీధిలో పందిరి వేయలేదు. పందిరి వేయడానికి వీధే కనపడలేదు లెండి.

నీళ్ళు దిగాక కిందకి వెళ్ళి చూస్తే పూజ గదిలో అరచెయ్యి మందాన బురద. అమ్మ పెళ్ళినాటి వెంకటేశ్వర స్వామి పటంలో అద్దం లోపలికి నీళ్ళు పోయి స్వామి ముఖం దగ్గర రంగు కరిగిపోయింది. అమ్మ దాన్ని గుడ్డతో తుడుస్తూ ఒక్క మాట కూడా అనలేదు. నేనే అన్నాను, మనసులో. బయటికి అనే ధైర్యం లేక.

దానికంటే పెద్ద దెబ్బ నాన్న బండికి. నాన్నకి ఒక టాటా ఏస్ ఉంది. సరుకు తోలడమే మా ఇంటి ఆధారం, దాని మీద ఫైనాన్స్ వాయిదాలు ఇంకా ఉన్నాయి. అది మూడు రోజులు నీళ్ళలో మునిగి ఉంది. కంగారులో ఎవరో సెల్ఫ్ కొట్టారు, ఇంజన్లోకి నీళ్ళు లాగేసి కనెక్టింగ్ రాడ్డు వంగింది. తాడు కట్టి లాక్కొచ్చి ఆటోనగర్‌లో పెట్టాం. ఆ నెల ఆటోనగర్ ఎలా ఉండేదంటే, రోడ్డుకి రెండు పక్కలా మునిగిన ఆటోలు, బైకులు, కార్లు. మెకానిక్కులకి తినడానికి కూడా టైం లేదు.

బండికి ఇన్సూరెన్స్ ఉంటే ఇదంతా ఇంత ఇబ్బంది అయ్యేది కాదు. ఎందుకు లేదన్నది తర్వాత చెప్తాను.

ఇంజన్ విప్పాక క్రాంకు పని కోసం ఒక లేత్ షెడ్డుకి ఇచ్చారు. మా షాపుకి నాలుగు షెడ్లు అవతల. ఆ షెడ్డు పెద్దాయనని అందరం బాబాయ్ అనే పిలుస్తాం. ఆయన క్రైస్తవుడు. ఆయన ఇల్లు పాయకాపురం, అదీ మునిగింది. పార్టు అయ్యిందేమో అడగడానికి ఒక సాయంత్రం వెళ్ళాను.

"ఏం అబ్బాయ్, వీడియోలు ఆపేశావంట?" అన్నాడు మిషన్ ఆపకుండానే.

"నోరు రావట్లేదు బాబాయ్. దేవుడి గురించి చెప్దామని కూర్చుంటే కోపం వస్తంది."

"ఎవరి మీద?"

"దేవుడి మీదే."

"మరి ఆయనకి చెప్పావా?"

నవ్వొచ్చింది నాకు. "దేవుడితో అలా మాట్లాడటం తప్పు కదా బాబాయ్" అన్నా. ఆయన మిషన్ ఆపాడు. చేతులు వేస్టు గుడ్డకి తుడుచుకుని, టూల్ బాక్సు పైన అట్టపెట్టెలో ఉన్న బైబిలు తీశాడు. అది కూడా తడిసి ఆరిందే, కాగితాలు ఉబ్బి ఉన్నాయి. మధ్యలో ఒకచోట అంచులన్నీ గ్రీజు మరకలు. అక్కడ తెరిచి, "పదమూడోది చదువు, చిన్నదే" అన్నాడు.

కీర్తనల గ్రంథం అది. మనం అన్నమయ్య కీర్తన, త్యాగయ్య కీర్తన అంటాం చూడండి, తెలుగు బైబిల్లో కూడా అదే మాట వాడారు. మొత్తం 150 కీర్తనలు. సుమారు సగం దావీదు పేరు మీద ఉంటాయి. హీబ్రూలో ఆ పుస్తకం పేరుకి అర్థం 'స్తుతులు'. నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉండేది ఇదే. పేరేమో స్తుతులు, లోపల చూస్తే మూడో వంతుకి పైగా మొరలు, ఫిర్యాదులు. ఫిర్యాదుని కూడా స్తుతి లెక్కలోనే కట్టారన్నమాట.

పదమూడో కీర్తనలో ఉన్నవి ఆరే వచనాలు. మొదటి రెండిట్లోనే 'ఎన్నాళ్ళు' అన్న ప్రశ్న నాలుగుసార్లు వస్తుంది. నన్ను మర్చిపోయావా, ముఖం తిప్పుకున్నావా, నేను ఇలా ఎంతకాలం లోపల లోపల కుమిలిపోవాలి అన్న ధోరణి. తర్వాత ఒక విన్నపం. చివరి రెండు వచనాల్లో ఉన్నట్టుండి స్వరం మారి, నీ దయనే నమ్ముకున్నాను, పాడతాను అంటాడు. ఈ మలుపు దగ్గర జాగ్రత్తగా చూడండి. మధ్యలో సమస్య తీరిందని ఎక్కడా లేదు. శత్రువు పోయాడని లేదు. పరిస్థితి అదే, చెప్పుకున్న తర్వాత మనిషి మాత్రం కాస్త కుదుటపడ్డాడు.

"ఇది బాగుంది బాబాయ్, కానీ నాకు ఆ చివరి రెండు లైన్లూ రావట్లేదు" అన్నా.

"రాకపోతే ఎనభై ఎనిమిది చదువు."

అది చదివి నిజంగా బిత్తరపోయాను. పగలు రాత్రి మొత్తుకుంటున్నా వినవేంటి, నావాళ్ళందరినీ దూరం చేశావు అంటూ మొదలై, చీకటి అన్న మాట దగ్గర ఆగిపోతుంది. అంతే. ఆశ, కృతజ్ఞత, మంగళం ఏమీ లేవు. వేల ఏళ్ళుగా యూదులు, క్రైస్తవులు దాన్ని ప్రార్థన అనే పిలుస్తున్నారు, పుస్తకంలోంచి తీసేయలేదు. 44వ కీర్తనలో అయితే లే, ఎందుకు నిద్రపోతున్నావు అని దేవుణ్ణే అడుగుతారు. (మనం రోజూ సుప్రభాతం పెట్టి లేపుతాం కదా, ఆ లేపడంలో ఉన్న ముద్దు ఇందులో లేదు. ఇది ఇల్లు కాలుతుంటే లేపడం.)

ఆ రాత్రి ఇంటికెళ్ళాక నాకు వచ్చిన మొదటి ఆలోచన నిజాయితీగా చెప్తాను. వాళ్ళకి ఉంది, మనకి లేదే అనిపించింది. ఇన్నేళ్ళుగా భక్తి ఛానల్ నడుపుతూ ఇలా అనుకోవడం సిగ్గుచేటు. ఎందుకంటే మనకి ఎంత ఉందో ఆ తర్వాత వెతికితే తెలిసింది.

పోతన గారి గజేంద్ర మోక్షం మనలో చాలామంది స్కూల్లోనే చదువుకున్నాం. నీళ్ళలో మొసలి పట్టుకున్న ఏనుగు. విష్ణువుని పిలవడానికి ముందు గజేంద్రుడు ఏమన్నాడు? అందరూ ఉన్నాడంటున్న ఆ దేవుడు అసలు ఉన్నాడో లేడో అని అనుమానపడ్డాడు. పోతన ఆ అనుమానాన్ని దాచిపెట్టలేదు. దాని మీదే తెలుగువాళ్ళందరి నోటా ఉన్న పద్యం చెప్పాడు. నీవు తప్ప వేరే దిక్కు లేదన్న శరణాగతి ఆ తర్వాత వచ్చింది. మనం పరీక్షల కోసం బట్టీ పట్టాం కాబట్టి అందులో ఉన్న గుండె దడ మనకి వినపడలేదు.

గీత ఏడో అధ్యాయంలో కృష్ణుడు తనని కొలిచేవాళ్ళు నాలుగు రకాలని చెప్పి మొట్టమొదట ఆర్తుడి పేరే చెప్తాడు. కష్టంలో ఉండి మొత్తుకునేవాడు. జ్ఞాని తనకి బాగా ఇష్టమని అంటాడు, నిజమే, కానీ నలుగురూ మంచివాళ్ళే అని కూడా అంటాడు. ఆర్తుణ్ణి గేటు దగ్గర ఆపేయలేదు.

ఇక మన కృష్ణా జిల్లా సంగతి. విజయవాడ నుంచి అవనిగడ్డ వైపు కరకట్ట దారిలో వెళ్తే శ్రీకాకుళం అనే ఊరు వస్తుంది. ఉత్తరాంధ్ర శ్రీకాకుళం కాదండోయ్, ఇది ఘంటసాల మండలంలో ఉంది. అక్కడ ఆంధ్ర మహావిష్ణువు గుడి. కళింగ దండయాత్రకి వెళ్తూ శ్రీకృష్ణదేవరాయలు విజయవాడలో దిగి, అక్కణ్ణుంచి ఈ గుడికి వచ్చి ఏకాదశి ఉపవాసం ఉన్నాడని, స్వామి కలలో కనపడి తెలుగులో కావ్యం రాయమన్నాడని ఆయనే ఆముక్తమాల్యద మొదట్లో చెప్పుకున్నాడు. అంత వైభవం చూసిన గుడి తర్వాత్తర్వాత పాడుపడింది. దివిసీమలోని పెదప్రోలుకి చెందిన కాసుల పురుషోత్తమ కవి ఆ స్వామి మీద ఆంధ్రనాయక శతకం చెప్పాడు. సీస పద్యాలు. పొగడ్త అనుకుని మొదలుపెట్టిన వాళ్ళకి షాకే. భారమంతా మోసేది నీ భార్య భూదేవి, కోరింది ఇచ్చేది లక్ష్మి, సృష్టి చేసేది నీ కొడుకు బ్రహ్మ, పాపాలు కడిగేది నీ కూతురు గంగ, పేరు మాత్రం నీదా అని ఎత్తిపొడుస్తాడు. ఆ పద్యాలు విని చల్లపల్లి జమీందారు గుడిని బాగుచేయించాడని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు.

దీన్ని వ్యాజస్తుతి అంటారు. పైకి తిట్టు, లోపల పొగడ్త. ఇక్కడ నేను ఒక తేడా గమనించాను. పురుషోత్తమ కవి తిట్టులో ఒక కొంటెతనం ఉంది, చదువుతుంటే నవ్వొస్తుంది. ఇంట్లో మనిషితో ఆడే సరసం లాంటిది. 88వ కీర్తనలో నవ్వు లేదు. అవి రెండూ ఒకటే అని చెప్పడం సుఖంగా ఉంటుంది కానీ నిజం కాదు. కీర్తనల మొరకి మన దగ్గర అసలైన జోడీ కావాలంటే శతకం దగ్గర కాదు, గోల్కొండ జైలు దగ్గరికి వెళ్ళాలి.

కంచెర్ల గోపన్న. నేలకొండపల్లి ఆయనది. అక్కన్న మాదన్నలకి మేనల్లుడు. (వాళ్ళిద్దరి పేరుతో పిలిచే గుహలు మన ఇంద్రకీలాద్రి కిందే ఉన్నాయి, ఎన్నిసార్లు వాటి ముందు నుంచి వెళ్ళి ఉంటామో!) తానీషా కాలంలో, అంటే 1672 తర్వాత, పాల్వంచ పరగణాకి తహశీల్దారుగా చేశాడు. వసూలైన పన్ను డబ్బుతో భద్రాచలంలో గుడి కట్టించాడు, నగలు చేయించాడు. జైల్లో వేశారు. పన్నెండేళ్ళని చెప్తారు.

జైల్లో ఆయన పాడిన వాటిలో ఒక కీర్తన ఉంది, మీ అందరికీ తెలుసు. సీతమ్మకి చేయించిన పతకానికి ఇంత, భరతుడికి ఇంత, లక్ష్మణుడికి ఇంత అని లెక్క చదువుతాడు. నగలు పెట్టుకుని తిరుగుతున్నావే, ఎవడబ్బ సొమ్మనుకున్నావని నిలదీస్తాడు. అంత దులిపాక, అదే కీర్తనలో, ఈ దెబ్బలు తట్టుకోలేక తిట్టాను, బాధపడకు అని మళ్ళీ ఆయన్నే బతిమాలుకుంటాడు. ఫిర్యాదు నుంచి నమ్మకానికి మలుపు. పదమూడో కీర్తనలో చూసిన మలుపే. ఇక్కడ కూడా తలుపు తెరుచుకోలేదు, బేడీలు ఊడలేదు, మలుపు మాత్రం వచ్చింది.

రామదాసు పూర్వజన్మలో ఒక చిలుకని పన్నెండు రోజులు పంజరంలో పెట్టాడని, అందుకే పన్నెండేళ్ళ చెర అని ఒక కథ ఉంది. చిన్నప్పుడు నాకు ఆ కథ చాలా నచ్చేది, లెక్క సరిపోయింది కాబట్టి. ఇప్పుడు అంతగా నచ్చదు. కర్మ సిద్ధాంతాన్ని కాదనట్లేదు. కానీ పాడినప్పుడు ఆయనకి ఆ చిలుక సంగతి చేతిలో లేదు. కారణం తెలియకుండానే పాడాడు. కష్టంలో ఉన్నవాడి దగ్గరికెళ్ళి వెంటనే "నీ కర్మ" అనేవాళ్ళు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది. వరదప్పుడు మాకు ఆ మాట అన్నవాళ్ళు ఉన్నారు.

క్రైస్తవులు ఈ మొరల గురించి ఏం ఆలోచించారో కూడా కొంత చదివాను. నాలుగో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో అథనేసియస్ అనే బిషప్పు ఉండేవాడు. మార్సెల్లినస్ అనే స్నేహితుడికి రాసిన ఉత్తరంలో, కీర్తనలు చదివేవాడికి తన మనసుని అద్దంలో చూసుకున్నట్టు ఉంటుందని అన్నాడు. ఇంకొకరి మాటలుగా మొదలుపెట్టి, చదువుతూ చదువుతూ అవి నా మాటలే అనుకుంటామట. గ్రీజు మరకలున్న ఆ పేజీల దగ్గర నాకు జరిగింది సరిగ్గా అదే.

బ్రిటిష్ రచయిత సి.ఎస్. లూయిస్ 1958లో కీర్తనల మీద ఒక పుస్తకం రాశాడు. దేవుడు నన్ను పొగడండి, పొగడండి అని అడుగుతున్నట్టు ఉంటే ఆయనకి మొదట్లో చిరాకు వేసిందట. మనలో కూడా ఈ ప్రశ్న ఉన్నవాళ్ళు చాలామంది, సహస్రనామం ఎందుకు, దేవుడికి పొగడ్తలు ఇష్టమా అని అడుగుతుంటారు. లూయిస్‌కి దొరికిన జవాబు ఏంటంటే, బాగా నచ్చినదాన్ని మనిషి పొగడకుండా ఉండలేడు, ఆ ఆనందం పొగడ్తలోనే పూర్తవుతుంది. మంచి సినిమా చూసి ఇంటర్వెల్లోనే ఫ్రెండుకి ఫోన్ చేస్తాం చూడండి, అదన్నమాట. ఈ ఉదాహరణ లూయిస్‌ది కాదు, నాది.

నన్ను ఎక్కువ కుదిపింది మాత్రం వాల్టర్ బ్రూగ్గెమన్ అనే అమెరికన్ పండితుడు. 1986లో ఒక వ్యాసం రాశాడు, మొర పెట్టుకోవడం మానేస్తే ఏం పోగొట్టుకుంటామని. ఆయన వాదన నా మాటల్లో: ఎప్పుడూ "అవునండి, బాగుందండి" అని మాత్రమే అనగలిగిన చోట నిజమైన బంధం ఉండదు. ఒకళ్ళు మాట్లాడతారు, ఇంకొకళ్ళు తలూపుతారు. లోపలి కోపం ఎక్కడికీ పోదు, నటనగానో తప్పు చేశామన్న భారంగానో మారుతుంది. ఇది చదివాక నేను మన ఛానల్ పాత వీడియోల లిస్టు ముందు కూర్చున్నా. ఐశ్వర్యం కోసం, ఉద్యోగం కోసం, శత్రుబాధ పోవడానికి, పెళ్ళి కుదరడానికి. అన్నీ ఉన్నాయి. అడిగింది రాకపోతే ఏం చేయాలో చెప్పే వీడియో ఒక్కటి లేదు.

ఇంతకీ నేనేం చేశానంటే, బాబాయ్ చెప్పినట్టే చేశా. రాత్రి అందరూ పడుకున్నాక ఫోను వేరే గదిలో పెట్టి, ఆ తడిసిన పటం ముందు కూర్చున్నా. మంత్రం లేదు, స్తోత్రం లేదు. "స్వామీ" అని, ఉన్నది ఉన్నట్టు తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టా. మొదటి రాత్రి వరద గురించి. అమ్మ పటం తుడవడం గురించి. రెండో రాత్రి నాన్న బండి గురించి. ముప్ఫై ఏళ్ళుగా శనివారం తప్పకుండా నీకు ఉపవాసం ఉన్న మనిషి బండేనా దొరికింది అని అడిగా. గొంతు లేచింది కూడా. అమ్మ లేస్తుందేమో అని భయపడ్డా.

మూడో రాత్రి ఏమైందంటే, "నీ పని కోసమే కదా ఖర్చుపెట్టా" అనే మాట నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక ఆగిపోయా.

ఇన్సూరెన్స్ సంగతి ఇప్పుడు చెప్తా. ఆగస్టులో బండి రెన్యువల్. నాన్న ఫుల్ ఇన్సూరెన్స్‌కి సరిపడా డబ్బు నా చేతికిచ్చాడు. నేను థర్డ్ పార్టీ మాత్రం కట్టాను. మిగిలిన డబ్బుతో శ్రావణ మాసం వీడియోల కోసం మంచి మైకు కొన్నాను. వచ్చే నెల జీతంలోంచి ఎలాగోలా సర్దుదామనుకున్నా. వరలక్ష్మీ వ్రతం వీడియోలో వాయిస్ ఎంత బాగుందో అని మీలో చాలామంది మెచ్చుకున్నారు. ఆ వాయిస్ ఖరీదు అది. వరద తర్వాత నాన్న అడిగితే "వరద కేసుల్లో క్లెయిమ్ ఇవ్వట్లేదంట నాన్నా" అని అబద్ధం చెప్పా.

రామదాసు కీర్తన నన్ను అంతగా ఎందుకు పట్టుకుందో అప్పుడు తెలిసింది. ఆయన ఖర్చుపెట్టింది సర్కారు సొమ్ము. దేవుడి కోసమే, నిజమే, కానీ అడగకుండా. మనం సినిమాల్లో చూసి తానీషాని విలన్ చేసేశాం. లెక్క అడిగే హక్కు ఆయనకి ఉంది కదా? నాకు రామదాసు అంటే ఉన్న భక్తి ఈ ప్రశ్న వల్ల తగ్గలేదు. ఆయన దేవుడి ముందు నగల లెక్క చదివినప్పుడు, ఆ లెక్కలో ఆయన సొంత తప్పు కూడా ఉందని ఇప్పుడు వినపడుతోంది. మూడు రాత్రులు నేను దేవుణ్ణి తిట్టిన తిట్లలో సగం నన్ను నేను తిట్టుకోకుండా ఉండటానికి తిట్టినవే.

మర్నాడు బాబాయ్ దగ్గరికి వెళ్ళి ఆ పుస్తకం ఒక్కరోజు ఇమ్మన్నా. 51వ కీర్తన నేనే వెతుక్కున్నా. దావీదు ఊరియా భార్యతో తప్పు చేసి, ఊరియాని యుద్ధంలో చంపించాడు. ఆ తప్పు తర్వాత నాతాను అనే ప్రవక్త తన దగ్గరికి వచ్చినప్పుడు పాడిందని దాని పైన రాసి ఉంటుంది. నన్ను కడుగు, లోపల కొత్త మనసు పుట్టించు అని ఏడుస్తాడు. గొప్ప ప్రార్థన. కానీ అందులో నీకు ఒక్కడికే నేను తప్పు చేశాను అని దేవుడితో అనే చోటు ఒకటి ఉంది. అక్కడ నాకు మింగుడు పడలేదు. మరి ఊరియా సంగతేంటి? బాబాయ్‌ని అడిగితే, ఆయన కాసేపు ఆలోచించి, "చచ్చిపోయినోడికి చెప్పుకోలేడు కదా అబ్బాయ్. మీ నాన్న బతికే ఉన్నాడుగా" అన్నాడు. నేను మైకు విషయం ఆయనకి చెప్పనేలేదు! నా ముఖంలో ఏం కనపడిందో మరి.

మీలో ఎవరికైనా ఇలా కూర్చోవాలనిపిస్తే ఒకటి రెండు మాటలు. మీ ఇంట్లో ఏ దేవుణ్ణి ఏ పేరుతో పిలుస్తారో ఆ పేరుతోనే మొదలుపెట్టండి, మా అమ్మమ్మ "దుర్గమ్మా" అనేది, అంతకంటే అక్కర్లేదు. పుస్తకం భాష వద్దు. "నా కష్టాలు తీర్చు" అనేది మొర కాదు, అది దరఖాస్తు ఫారం. ఏ రోజు, ఏం జరిగింది, ఎక్కడ నొప్పి, అది చెప్పండి. ఒకటే అడగండి. తర్వాత కాసేపు ఊరికే కూర్చోండి. చివర్లో నమ్మకం మాట నోటికి రాకపోతే లాక్కుని తెచ్చుకోకండి, 88వ కీర్తన పాడినవాడికి కూడా రాలేదు. ఇంకోటి, మనసు బతుకే వద్దు అనే దాకా వెళ్తుంటే మాత్రం దేవుడికి చెప్పి ఆగకండి, మనిషికి చెప్పండి. టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు.

ఇవన్నీ చదివి మతం మారమంటున్నాడని ఎవరైనా అనుకుంటే, లేదండి. బాబాయ్ నన్ను మారమనలేదు, నేను ఆయన్ని మారమనలేదు. ఆయనకి ఆంధ్రనాయక శతకం ఒక కాపీ కొనిచ్చాను. గంగ, లక్ష్మి ఉన్న పద్యం చదివి చాలాసేపు నవ్వాడు.

ఇక మిగిలింది నాన్న. ఆ శనివారం సాయంత్రం మెకానిక్ షెడ్డులో బండి కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. మెకానిక్ టీకి వెళ్ళాడు. ఎదురుగా నిలబడితే చెప్పలేనని, ముఖం కనపడకుండా ఉన్నప్పుడే చెప్పేశా. మైకు, థర్డ్ పార్టీ, క్లెయిమ్ అబద్ధం, మొత్తం. చెప్తున్నంతసేపూ పానా చప్పుడు ఆగలేదు.

"తెలుసు రా" అన్నాడు కింద నుంచే. "ఏజెంటుని రెండో రోజే అడిగా."

"మరి నన్ను అడగలేదేంటి నాన్నా?"

"నువ్వే చెప్తావని చూస్తన్నా."

నేనేమీ మాట్లాడలేకపోయా. కింద నుంచి చెయ్యి బయటికి వచ్చింది, మోచేతి దాకా నల్లగా.

"ఆ పద్నాలుగో నంబరు పానా ఇటివ్వు" అన్నాడు.